దొంగలు లేని ఊరు

దుబాయ్ మాట వస్తే మనవాళ్ళందరూ చెప్పే కథ ఒకటే. హోటల్లో టేబుల్ మీద ఫోన్ వదిలేసి వెళ్ళి కాఫీ తెచ్చుకోవచ్చు, ఎవరూ ముట్టరు. కారుకి తాళం వెయ్యడం మరచిపోయినా పొద్దున్నే కారు అక్కడే ఉంటుంది. అర్ధరాత్రి ఆడపిల్ల ఒంటరిగా టాక్సీలో ఇంటికి రావచ్చు. ఇదంతా నిజమే. నేను షార్జాలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. మా ఆవిడ ఆస్పత్రి డ్యూటీ ముగించుకుని రాత్రి ఒంటిగంటకి బస్సు దిగి, రెండు వీధులు నడిచి ఇంటికొస్తుంది. మా ఊళ్ళో అయితే నేను ఎదురెళ్ళి నిలబడేవాణ్ణి. ఇక్కడ నిద్రపోతుంటాను. ఈ నిశ్చింతకు వెల కట్టలేం, దాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు.

నాకు పేచీ ఆ కథ రెండో సగంతో. "అక్కడ చట్టాలు అలాంటివండీ, దొంగతనం చేస్తే చెయ్యి నరికేస్తారు, మన దగ్గర కూడా అలా ఉంటేనా..." అని మొదలవుతుంది అది. నేనున్న ఇన్నేళ్ళలో ఎవరికీ చెయ్యి నరికిన సంగతి వినలేదు. దొంగ దొరికితే జైలు, జరిమానా, ఆ తర్వాత విమానం ఎక్కించి స్వదేశానికి పంపడం. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద శిక్ష ఆ విమానమే.

ఈ దేశంలో ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బయటివాళ్ళు. ఒక్క భారతీయులమే 35 లక్షలకు పైగా ఉన్నాం. మనలో చాలామందికి వీసా ఉద్యోగానికి కట్టేసి ఉంటుంది. ఉద్యోగం పోతే కొన్నాళ్ళు గడువు, ఆ లోపు ఇంకోటి దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే. పని లేకుండా కిళ్ళీకొట్టు దగ్గర నిలబడే కుర్రాళ్ళు ఈ ఊళ్ళో ఎందుకు కనబడరు? క్రమశిక్షణ ఎక్కువై కాదు, పని లేనివాడికి ఇక్కడ చోటే లేదు కాబట్టి. గుంటూరులో ఉద్యోగం లేనివాణ్ణీ, అప్పు ఎగ్గొట్టినవాణ్ణీ, ఒకసారి పోలీస్ స్టేషన్ మెట్లెక్కినవాణ్ణీ పొలిమేర దాటించేసే వీలుంటే అక్కడి లెక్కలూ ఇంత అందంగానే ఉండేవి. కానీ గుంటూరు తన పిల్లల్ని ఎక్కడికి పంపుతుంది?

దీనికి తోడు కెమెరాలు. 2010 జనవరిలో దుబాయ్ హోటల్లో పాలస్తీనా నాయకుడు మహమూద్ అల్ మబ్‌హూను చంపి హంతకులు దేశం దాటిపోయినా, వాళ్ళు విమానాశ్రయంలో దిగినప్పటి నుంచి హోటల్ లిఫ్ట్ ఎక్కేదాకా దృశ్యాలన్నీ అతికించి పోలీసులు లోకానికి చూపించారు. అప్పటికే అంత పని చెయ్యగలిగారు. 2018లో కెమెరాలకి కృత్రిమ మేధ జోడించి 'ఒయూన్' అనే ఏర్పాటు మొదలుపెట్టారు. అరబీలో ఆ మాటకి కళ్ళు అని అర్థం. పేరు దాచుకోలేదు, అదొక నిజాయితీ.

ఏటా జనవరిలో వాట్సాప్‌లో తిరిగే ఇంకొకటుంది: 'ప్రపంచంలోకెల్లా సురక్షితమైన నగరం అబూదాబి'. 2017 నుంచి వరసగా అదే మొదటి స్థానం. ఆ జాబితా నంబియో అనే వెబ్‌సైటుది. అది పోలీసు రికార్డులు చూసి వేసేది కాదు, సైటుకి వచ్చినవాళ్ళని "రాత్రి ఒంటరిగా నడవడానికి భయమేస్తుందా?" లాంటి ప్రశ్నలడిగి వేసేది. నాలాంటివాళ్ళు భయం లేదని నొక్కుతారు. సోనాపూర్ లేబర్ క్యాంపులో పన్నెండు గంటల పని ముగించి వచ్చి బంకు మంచం ఎక్కినవాడు ఆ సైటు తెరిచి మార్కులెయ్యడు.

అలాంటి ఒకతను, జగిత్యాల వైపు వాడు, మా బిల్డింగు పనికి వచ్చినప్పుడు నాతో మాటల్లో అన్నాడు: "ఈడ దొంగలు లేరు సార్. గని నా పాస్‌పోర్టు నా తాన లేదు."

పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టంలో స్పష్టంగా ఉంది. అయినా పెట్టుకునేవాళ్ళున్నారు. దాన్ని ఎవరూ దొంగతనం అనరు, 'కంపెనీ రూలు' అంటారు. నా ఫోను ఎవడైనా కొట్టేస్తే, రెండువేల దిర్హాముల సరుకు, అరగంటలో పోలీసులొస్తారు, అది నేరం. నెలకి వెయ్యి దిర్హాముల వాడికి నాలుగు నెలల జీతం ఎగ్గొడితే నాలుగువేలు. అది లేబర్ కేసు. నేరాల పట్టికలో దాని గది వేరు. మంచి కూడా చెప్పాలి: జీతాలు బ్యాంకు ద్వారానే పడాలని 2009లో ఏర్పాటు తెచ్చాక పరిస్థితి చాలా మారింది. ఫిర్యాదు చేసే దారులు కూడా ఉన్నాయి. ఆ దారిలో నడవాలంటే వెనక్కి పంపేస్తారన్న భయం ఉండకూడదు, అంతే.

చిక్కంతా ఇక్కడే ఉంది. దొంగ చెయ్యి ఆపే భయం ఏదో, బాధితుడి నోరు నొక్కేదీ అదే. నేను నిద్రపోవడానికి, అతను మాట్లాడకపోవడానికి కారణం ఒక్కటే. చట్టం కఠినమైతే చాలు ఊరు బాగుపడుతుందనేవాళ్ళు ఈ రెండో సగాన్ని లెక్కలోకి తీసుకోరు.

మన గల్ఫ్ తెలుగులో 'ఖల్లివెల్లి' అనే మాటుంది. అరబీలో 'పోనీలే, వదిలెయ్' అని. మనవాళ్ళు దాన్ని మనుషులకి వాడతారు: కంపెనీ వదిలేసి, కాగితాలు లేకుండా బయట పని చేసుకునేవాడు ఖల్లివెల్లి. అలాంటివాణ్ణి ఎవడైనా కొట్టి డబ్బు లాక్కుంటే స్టేషన్‌కి వెళ్ళగలడా? వెళితే ముందు తన వీసా చూపించాలి. ఇళ్ళల్లో పనికొచ్చిన ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చిన వాళ్ళు, నాలుగు గోడల మధ్య ఏం జరిగినా కెమెరా కన్ను అక్కడికి చేరదు.

సిరిసిల్ల వాళ్ళ కేసు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దుబాయ్‌లో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో కూలి పనికొచ్చిన ఐదుగురు జైలు పాలయ్యారు. కోర్టు వ్యవహారమంతా అరబీలో. హతుడి కుటుంబం క్షమిస్తే శిక్ష తగ్గే వీలు ఇక్కడి చట్టంలో ఉంది కాబట్టి, సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారకరామారావు నేపాల్ వెళ్ళి ఆ కుటుంబాన్ని కలిసి, 15 లక్షల రూపాయల పరిహారం ఇచ్చి క్షమాపత్రం తెచ్చారు. అయినా వాళ్ళు ఇళ్ళకి చేరేసరికి 2024 ఫిబ్రవరి. మధ్యలో పద్దెనిమిదేళ్ళు. పిల్లలు పెళ్ళీడుకొచ్చే కాలం. వాళ్ళు దోషులా కాదా అని నేను తీర్పు చెప్పబోను. మంచి లాయరూ, మాట విడమరచి చెప్పే దుబాసీ మొదటి రోజు నుంచీ పక్కన ఉన్నవాడికి ఆ పద్దెనిమిదేళ్ళు పట్టేవా అన్నదే నా ప్రశ్న. చనిపోయిన కాపలాదారు కూడా మనలాగే పొట్ట చేత పట్టుకొచ్చినవాడే. 2025 ఏప్రిల్‌లో దుబాయ్ బేకరీలో తోటి పనివాడి చేతిలో హతమైన ఇద్దరు తెలంగాణ వాళ్ళూ అంతే. సురక్షితమైన నగరంలో ఘోరం జరిగినా, అది ఎక్కువగా మన కాఫీ టేబుల్‌కి దూరంగానే జరుగుతుంది.

పోనీ తప్పంతా ఈ దేశానిదేనా అంటే, మొదటి దొంగతనం జరిగేది మన ఊళ్ళోనే. రిజిస్టరైన ఏజెంటు తన ఫీజుగా 30 వేల రూపాయలూ దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షా రెండు లక్షలు తీసుకునే సబ్ ఏజెంట్లు నిజామాబాద్ నుంచి రాయచోటి దాకా ఎంతమంది లేరు! విజిట్ వీసా మీద పంపి పని వీసా అని చెప్పడం వాళ్ళకి రోజువారీ వ్యాపారం. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి తెలంగాణ ప్రభుత్వం ఐదు లక్షలు ఇస్తోంది, మంచిదే. బతికుండగా మోసం చేసినవాణ్ణి పట్టుకోవడానికి అందులో పదో వంతు ఖర్చు పెట్టినా నేను సంతోషిస్తాను.

క్రిందటి వారం రాజంపేట నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఆజాద్ వీసా అంట, రెండు లక్షలు. దుబాయ్ సేఫేనంట కదా?" అన్నాడు. వీసా కాగితం మీద కంపెనీ పేరు ఏముందో చదవమన్నాను. కాగితం ఇంకా చేతికి రాలేదన్నాడు. అయితే డబ్బు కూడా ఇవ్వొద్దు, నాన్నకి ఫోనివ్వు అన్నాను.