పరీక్ష జరగాల్సింది పల్నాడు బట్టీల దగ్గర

గుంటూరు బ్రాడీపేట లైన్లలో ఫ్యాను తిరిగినా, మిర్చి టిక్కీలు దాచిన కోల్డ్ స్టోరేజీ చల్లబడినా ఆ కరెంటులో బొగ్గు వాటా ఉంటుంది. కృష్ణ అవతల ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం 1979 నుంచి నడుస్తోంది. 2023 చివర్లో అక్కడే 800 మెగావాట్ల కొత్త యూనిట్ వచ్చింది. అది మరో పాతికేళ్లయినా పొగ వదులుతుంది. ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే పద్ధతులను మనం ఎక్కడ పరీక్షించుకుంటున్నాం?

ప్రయోగశాలలకు కొరత లేదు. కార్బన్‌ను ముందే వేరుచేసే వీలిచ్చే బొగ్గు గ్యాసిఫికేషన్‌నే చూడండి. తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనశాల, అంటే నేటి ఐఐసీటీ, 1980లలోనే రోజుకు 24 టన్నుల బొగ్గును వాయువుగా మార్చే పైలట్ ప్లాంటు నడిపింది. తర్వాత విజయవాడలో 125 మెగావాట్ల గ్యాసిఫికేషన్ విద్యుత్ కేంద్రం కడతామని బీహెచ్ఈఎల్, ఏపీ జెన్‌కో ముందుకొచ్చాయి. అది కాగితం దాటలేదు. 2022 జనవరిలో బీహెచ్ఈఎల్ హైదరాబాద్‌లో ప్రారంభించిన ప్లాంటు మన బొగ్గు నుంచి తీసేది రోజుకు పావు టన్ను మిథనాల్. బొగ్గు టన్నులు, మిథనాల్ టన్నులు ఒకే కొలత కావు, నిజమే. అయినా నలభై ఏళ్లకు మళ్లీ పైలట్ దగ్గరే ఉన్నాం.

మనకు లేనిది ప్రయోగశాలకూ ఫ్యాక్టరీకీ నడుమ ఉండాల్సిన మెట్టు. నార్వేలోని మోంగ్‌స్టాడ్‌లో 2012 నుంచి, అమెరికాలోని వయోమింగ్‌లో 2018 నుంచి అలాంటివి ఉన్నాయి. నడుస్తున్న ప్లాంటు పొగలో కొంత భాగాన్ని గొట్టం వేసి పక్కకు మళ్లిస్తారు. ఎవరి యంత్రమైనా తెచ్చి తగిలించుకోవచ్చు. వయోమింగ్‌లో పరీక్షకు 2018లో ఎంపికైన జట్లలో బెంగళూరుకు చెందిన బ్రీత్ కూడా ఉంది. మన దేశంలో బొగ్గు పొగకు లోటా?

పరాయి పొగ మీద నెగ్గిన యంత్రం ఇక్కడ నెగ్గుతుందన్న భరోసా కూడా లేదు. మన బొగ్గులో మూడో వంతుకు మించి బూడిదే. పైగా 2025 జులైలో కేంద్రం ఎక్కువ థర్మల్ కేంద్రాలకు గంధకాన్ని వడగట్టే యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చింది. కార్బన్‌ను పట్టే అమీన్ ద్రావణాన్ని ఆ గంధక వాయువే పాడుచేస్తుంది. ఒక చేత్తో మినహాయింపు ఇచ్చి, రెండో చేత్తో కార్బన్ పడతామంటే లెక్క కుదరదు. వింధ్యాచల్‌లో ఎన్‌టీపీసీ పెట్టిన ప్లాంటు రోజుకు పట్టేది 20 టన్నులు. 500 మెగావాట్ల యూనిట్ పూర్తిగా నడిస్తే రోజుకు వదిలేది దాదాపు పది వేల టన్నులు. మొత్తం పట్టాలంటే ఆ కేంద్రం తయారుచేసే కరెంటులో ఐదో వంతు, ఒక్కోసారి అంతకు మించి, ఆ పనికే పోతుంది. ఆ ఖర్చు మీద సౌర విద్యుత్తు, బ్యాటరీలు చవక కావచ్చు.

అందుకే ఈ ప్రాంతానికి పరీక్షా కేంద్రం వస్తే ఇబ్రహీంపట్నం కన్నా ముందు పల్నాడుకు రావాలంటాను. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు కాల్చేది రాయిని. స్వచ్ఛమైన సున్నపురాయి టన్ను కాలిస్తే 560 కిలోల సున్నం, 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. బొగ్గు మానేసి సౌర విద్యుత్తుతో కాల్చినా ఆ 440 కిలోలు తగ్గవు. సిమెంటు బట్టీ పొగలో కార్బన్ చిక్కగా ఉంటుంది కాబట్టి పట్టడమూ కొంత తేలిక. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2025 మేలో సిమెంటు రంగానికి ఐదు పరీక్షా వేదికలు ప్రకటించింది; ఒకదానిలో ఐఐటీ తిరుపతి భాగస్వామి. ఆ అనుభవాన్ని మాచర్ల దారి పట్టించడం అసాధ్యమేమీ కాదు.

అయితే రెండు షరతులు. ప్రజల డబ్బుతో చేసిన పరీక్ష ఫలితాలు, విఫలమైనవి సహా, బయటపెట్టాలి. సొంతంగా పరిశోధన చేయించుకునే స్తోమత లేని చిన్న బట్టీ యజమానికీ అక్కడ చోటుండాలి. పట్టిన వాయువును ఎక్కడ పెడతారన్నది ఇంకా పెద్ద చిక్కు. ఇటుకలకూ కాంక్రీటుకూ వాడగలిగేది కొద్దే. దక్కన్ నల్లరాతి పొరల మీద ఎన్‌జీఆర్‌ఐ పరిశోధన చేసింది గానీ ఆ రాయి పల్నాడులో లేదు. దగ్గర్లో ఉన్నది గ్యాసు తోడేసిన కృష్ణా గోదావరి బేసిన్. ఆ పొరలు నింపిన వాయువును పట్టి ఉంచుతాయో లేదో ఇప్పటి నుంచే పరిశీలించాలి. గొట్టం ఎక్కడిదాకా వేయాలో, ఎంత ఖర్చవుతుందో ఆ జవాబు వస్తేనే తేలుతుంది.