హాలీ సిక్కాకి అమెరికా చుట్టం

కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఎనభై అయిదేళ్లు దాటిన పెద్దాయన ఎవరైనా కనిపిస్తే 'హాలీ' అని ఒక్క మాట అని చూడండి. ముఖం వెలిగిపోతుంది. చార్మినారు బొమ్మతో ఉండే నిజాం రూపాయి అది... హాలీ సిక్కా! అప్పట్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అన్నీ నైజాం రాజ్యంలోవే. కోదాడ దాటి జగ్గయ్యపేటలో అడుగుపెడితే బ్రిటిషు ఇలాకా. అక్కడ నడిచేది కల్దారు రూపాయి. సరిహద్దుకు అవతల ఏం కొనాలన్నా ముందు మారకం సంగతి చూసుకోవాల్సిందే. ఏడు హాలీలు ఇస్తే సుమారుగా ఆరు కల్దార్లు. 1950లో భారత రూపాయి ఇక్కడ అధికారికంగా చలామణీలోకి వచ్చినప్పుడూ అదే లెక్క ఖాయం చేశారు. వంద రూపాయలు కావాలంటే హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైసలు లెక్కపెట్టాలి. 1959 దాకా హాలీ చెల్లింది.

ఇప్పుడీ పాత రూపాయి ముచ్చట ఎందుకంటారా? అమెరికాలో ఉన్న పిల్లలు ఇంటికి డబ్బు పంపే ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈమధ్య 'స్టేబుల్‌కాయిన్' అన్న మాట వినిపిస్తోంది. బ్యాంకుతో పనిలేదట, నిమిషంలో వచ్చేస్తుందట, ఖర్చు నాలుగు పైసలేనట! ఇన్ని 'అట'ల మధ్య అసలు సరుకేమిటో తెలియాలంటే హాలీని గుర్తుచేసుకోవడం మంచిది. తన విలువను ఇంకొకరి నాణేనికి ముడివేసుకుని బతికిన డబ్బు అది. ఇదీ అంతే.

ఒక కంపెనీ ఉంటుంది. దానికి మీరొక డాలరు ఇస్తే కంప్యూటర్లో ఒక బిళ్లను పుట్టించి మీ పేరిట రాస్తుంది. బిళ్ల వెనక్కిస్తే డాలరు చేతిలో పెట్టి ఆ బిళ్లను చెరిపేస్తుంది. ఈలోపు అది ఎన్ని చేతులైనా మారొచ్చు, ఎన్ని దేశాలైనా దాటొచ్చు. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో రాసే పద్దు పుస్తకం ఒక బ్యాంకు గదిలో ఉండదు. ఒకే పుస్తకానికి నకళ్లు ప్రపంచమంతటా ఎన్నో కంప్యూటర్లలో ఉంటాయి. బ్లాక్‌చెయిన్ అంటే అదే. బిట్‌కాయిన్‌దీ ఇలాంటి పుస్తకమే. కాకపోతే దాని వెనక ఏ ఆస్తీ లేదు గనక ధర ఉయ్యాలలూగుతుంది. దీని వెనక డాలరు ఉందన్న మాట ఉంది. 2014లో వచ్చిన టెథర్ వారి యూఎస్‌డీటీ, 2018లో సర్కిల్ కంపెనీ తెచ్చిన యూఎస్‌డీసీ వీటిలో పెద్దవి. 2025 చివరికి ఇలాంటి బిళ్లల మొత్తం విలువ 30 వేల కోట్ల డాలర్లు దాటింది. సగానికి పైగా ఒక్క టెథర్‌దే.

మరి మీరిచ్చిన డాలరును కంపెనీ బీరువాలో పెట్టి కూర్చుంటుందా? అబ్బే! చాలామటుకు అమెరికా ప్రభుత్వానికే అప్పిస్తుంది. ట్రెజరీ బిల్లులంటారు వాటిని. ఆ అప్పు మీద వచ్చే వడ్డీ కంపెనీది. బిళ్ల పట్టుకున్న మీకు అందులో వాటా లేదు. చిట్టీలూ వడ్డీలూ ఉగ్గుపాలతో నేర్చిన మన ఊళ్లలో ఇది ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. అసలు మనది, వడ్డీ వాళ్లది!

అంటే మొత్తం వ్యవహారం ఆ ఇనప్పెట్టె మీద ఆధారపడి ఉందన్నమాట. పెట్టె లేకుండానే బండి నడిపిస్తామన్నవాళ్లూ ఉన్నారు. 'టెర్రా' అనే బిళ్ల వెనక డాలర్లు లేవు. 'లూనా' అనే మరో బిళ్లను పుట్టిస్తూ, చెరిపేస్తూ ధర నిలబెడతామన్నారు. 2022 మేలో జనం ఒక్కసారిగా వెనక్కివ్వడం మొదలుపెట్టేసరికి రెండూ కలిసి కొద్ది రోజుల్లోనే కుప్పకూలాయి. 4 వేల కోట్ల డాలర్ల దాకా ఆవిరైపోయాయి. పెట్టె ఉందన్నవాళ్ల మాట కూడా అన్ని వేళలా నిజం కాలేదు. 2016-18 మధ్య 26 నెలల లెక్కలు తీస్తే టెథర్ దగ్గర సరిపడా నిల్వలున్న రోజులు 27.6 శాతమేనని అమెరికా నియంత్రణ సంస్థ తేల్చింది. 2021 అక్టోబరులో 4.1 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

నన్నడిగితే వీటన్నిటికన్నా 2023 మార్చి కథ ఎక్కువ చెబుతుంది. యూఎస్‌డీసీ పెట్టె నిజంగానే నిండుగా ఉంది. అయితే అందులో 330 కోట్ల డాలర్లు సిలికాన్ వ్యాలీ బ్యాంకులో ఉన్నాయి. శుక్రవారం ఆ బ్యాంకు మూతపడింది. శనివారానికల్లా డాలరు బిళ్ల 88 సెంట్ల దరిదాపులకు జారింది. బిళ్లలకు సెలవుల్లేవు గానీ బ్యాంకులకు ఉన్నాయి కదా! సోమవారం బ్యాంకులు తెరిచేదాకా డాలరు చేతికొచ్చే దారి లేదు. ఆదివారం అమెరికా ప్రభుత్వం డిపాజిట్లకు తానున్నానన్నాకే ధర మళ్లీ కోలుకుంది. బ్యాంకులతో పనిలేదన్న డబ్బును చివరికి గట్టెక్కించింది సర్కారే.

సరే, పెట్టె నిండుగానే ఉందనుకుందాం. దాని తాళం ఎవరి చేతిలో ఉంది? దీనికి జవాబు మన చరిత్రలోనే దొరుకుతుంది. నిజాం ఖజానాలో భారత ప్రభుత్వ రుణపత్రాలు దండిగా ఉండేవి. 1947 నవంబరు 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత ఇరవై కోట్ల రూపాయల విలువైన పత్రాల్ని నిజాం సర్కారు పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చిన సంగతి బయటపడి పెద్ద గొడవైంది. భారత రూపాయి తమ రాజ్యంలో చెల్లదంటూ హైదరాబాదు తెచ్చిన ఆజ్ఞ దానికి తోడైంది. 1948లో భారత ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ రుణపత్రాలు చేతులు మారకుండా కట్టేసింది. పత్రాలున్నాయి, వాటికి విలువా ఉంది. కదపడానికే వీల్లేదు!

డాలరు బిళ్లదీ అదే జాతకం. ఆగ్నేయాసియాలో మనుషుల్ని తరలించి వాళ్లతో సైబర్ మోసాలు చేయించే ముఠా సొమ్మంటూ 2023 నవంబరులో టెథర్ 22.5 కోట్ల బిళ్లల్ని కదలకుండా చేసింది. అప్పటికే అమెరికా న్యాయశాఖ దర్యాప్తు సాగుతోంది. చేసింది మంచి పనే, సందేహం లేదు. కానీ 'ఇది ఎవరి అదుపులోనూ లేని డబ్బు' అని చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి. 2025 జులై 18న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన 'జీనియస్' చట్టం ఈ కంపెనీలు ప్రతి బిళ్లకూ నగదో, స్వల్పకాలిక ట్రెజరీ బిల్లులో చూపాలంది. నెలనెలా లెక్క చెప్పాలంది. బిళ్లదారుకు వడ్డీ ఇవ్వకూడదనీ అంది. తన అప్పుపత్రాలకు ప్రపంచమంతటా కొత్త గిరాకీ వస్తుంటే అమెరికాకు చేదా?

ఇక చెల్లింపుల సంగతి. మిర్యాలగూడ వైపు వెళ్లినవాళ్లకు చెప్పనక్కర్లేదు, సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లు, వరసగా మిల్లులు, లారీలు. తెలంగాణ బియ్యంతో 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల తొలి ఓడ బయల్దేరింది. ఇలాంటి వ్యాపారంలో ఓడ కదిలినట్టు డాలరు కదలదు. కొనేవాడి బ్యాంకు, అమ్మేవాడి బ్యాంకు మధ్య 'స్విఫ్ట్' ద్వారా వెళ్లేది సందేశం మాత్రమే. న్యూయార్కులోని ఏదో ఒక పెద్ద బ్యాంకు పుస్తకంలో ఒకరి ఖాతాలో తీసేసి మరొకరి ఖాతాలో కలుపుతారు. మధ్యలో ఎన్ని బ్యాంకులుంటే అన్ని కోతలు, అంత ఆలస్యం. బిళ్ల ఈ మధ్యవర్తుల్ని దాటేస్తుంది. ఆ మాట నిజమే. నైజీరియా లాంటి చోట్ల బ్యాంకులో డాలరు దొరకని వ్యాపారులు సరుకు తెప్పించుకోవడానికి టెథర్‌ను వాడుతున్నారు. సొంత నాణెం రోజురోజుకీ కరిగిపోతుంటే వాళ్లకు అంతకన్నా దారేదీ?

మన మిల్లరు దాన్ని పుచ్చుకోవచ్చా? ఎగుమతి సొమ్ము బ్యాంకు ద్వారా, గడువులోపల రావాలన్నది మన విదేశీ మారక నిబంధన. బిళ్లలు ఫోనులో పడ్డా బ్యాంకు 'సొమ్ము ముట్టింది' అని పత్రం ఇవ్వదు. రిజర్వు బ్యాంకు లెక్కల్లో ఆ బిల్లు తీరని బాకీగానే ఉండిపోతుంది. కొనేవాడు డబ్బిచ్చాడు, అమ్మినవాడికి ముట్టింది... అయినా ముట్టనట్టే!

ఇంటి ఖర్చుకు పంపే డబ్బు లెక్క ఇంకోలా ఉంటుంది. సూర్యాపేటలో ఉన్న తల్లికి డాలస్ నుంచి కొడుకు ఫోన్ చేసి, "అమ్మా, ఈసారి బ్యాంకుల ఎయ్య, కాయిన్ల పంపుత" అన్నాడనుకుందాం. 500 డాలర్లు. లెక్క తేలిగ్గా ఉండటానికి డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే 45 వేలు. అమెరికా నుంచి సూర్యాపేట దాకా బిళ్లలు రావడానికి నిమిషం, ఖర్చు కొద్ది సెంట్లు. ఇక్కడిదాకా వాళ్లు చెప్పిందంతా నిజం. కానీ కిరాణా కొట్టులో బిళ్ల చెల్లదు కదా, అమ్మాలి. ఆమెకు ఎక్స్చేంజిలో ఖాతా ఉండాలి. అమ్మితే ఒక శాతం మూలంలోనే పన్ను కోత, అంటే 450 రూపాయలు. రిటర్ను వేస్తే వెనక్కి రావచ్చు. ఆమె ఎప్పుడు వేసింది గనక! ఎక్స్చేంజి రుసుము, దాని మీద జీఎస్టీ సరేసరి. లాభం తేలితే 30 శాతం పన్ను, 2022 నుంచీ ఇదే పద్ధతి. ఏ దారిలో పంపినా ఖర్చు ఎక్కువగా తగిలేది రెండు కొసల్లోనే. నడిమి దారి చవకైనంత మాత్రాన కొసలు చవకైపోవు.

కోత తప్పించుకోవడానికి కొందరు ఎక్స్చేంజి మానేసి ముక్కూముఖం తెలియని మనిషికి బిళ్లలు అమ్మేస్తుంటారు. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. అతను మీ ఖాతాలో వేసిన 45 వేలు ఎవరో సైబర్ మోసంలో పోగొట్టుకున్నవి అయితే? బాధితుడు 1930కి ఫిర్యాదు చేస్తాడు. డబ్బు ఏయే ఖాతాలు తిరిగిందో చూస్తూ పోలీసులు మీ ఖాతా దాకా వస్తారు. ఖాతా స్తంభించిపోతుంది. కేసు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ పోలీసులకు మీ అమాయకత్వం రుజువు చేసుకోవాలి. ఆ తిరుగుడు ఖర్చులో ఎన్నేళ్ల బ్యాంకు ఛార్జీలైనా కలిసిపోతాయి!

సింగపూరులో పిల్లలున్నవాళ్లకు 2023 ఫిబ్రవరి 21 నుంచి అక్కడి పేనౌకూ మన యూపీఐకీ లంకె ఉంది. బిళ్ల గొడవ లేకుండానే ఫోను నుంచి ఫోనుకు డబ్బొస్తుంది. అమెరికాతో అలాంటి లంకె ఇంకా లేదు. పైగా పంపే డబ్బు మీద అక్కడ పన్ను వేశారన్న భయంతో కూడా కొందరు బిళ్లల వైపు చూస్తున్నారు. ఆ పన్ను 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన మాట నిజమే, అదీ ఒక శాతం. కానీ పడేది నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపించేవాళ్లకే. అమెరికా బ్యాంకు ఖాతా నుంచో, అక్కడి కార్డుతోనో పంపితే ఆ పన్ను లేదు.