పాత గుడి పుస్తకం ఎక్కడుంది?

వార్డులో పెద్దవారు చేరినప్పుడు మేము మొదట పేరు, వయసు అడుగుతాము. "అరవై ఉంటాయో, డెబ్బై ఉంటాయో సిస్టరమ్మా" అంటారు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకు ముందు పుట్టిన చాలామందికి సర్టిఫికెట్ లేదు. "పాత గుడిలో బాప్తిస్మాల పుస్తకం ఉండాలి" అని కొందరు గుర్తు చేసుకుంటారు. అది ఇప్పుడు ఎవరి దగ్గరుందో మాత్రం చెప్పలేరు.

ఆ పాత గుళ్ళ చరిత్ర మన ఆసుపత్రుల చరిత్ర కూడా. ఆర్కాట్ మిషన్‌కు చెందిన జేకబ్ చేంబర్లేన్ దొరగారు 1863లో మదనపల్లెకు వచ్చారు. ఆయన బోధకుడు, వైద్యుడు కూడా. తరువాత 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, 1915లో ఆరోగ్యవరం క్షయ శానిటోరియం వచ్చాయి. ఆనాటి మిషన్ కాంపౌండ్లలో బడి, మందుల గది, ప్రార్థన మందిరం పక్కపక్కనే ఉండేవి. మందుకు వచ్చినవారు ప్రార్థన విని వెళ్ళేవారు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఊళ్ళు పెరిగాయి. కాంపౌండ్ల చుట్టూ ఇళ్ళు లేచాయి. పెద్ద దేవాలయం కట్టుకున్న చోట చిన్న మందిరం సామాన్ల గదిగా మారింది, లేదా తాళం పడింది.

"పాత గోడల మీద ఇంత పట్టింపు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. ప్రతి గోడనూ నిలబెట్టాలని మేము అనము. కప్పు కూలేలా ఉంటే అందులో పిల్లలను కూర్చోబెట్టకూడదు. అయితే రోగి వెళ్ళిపోయినా కేసు షీటు పారవేయము కదా! మందిరం విషయంలోనూ అంతే.

అందుచేత శాంతిపురం, కుప్పం, పుంగనూరు, మదనపల్లె కుటుంబాలకు మా మనవి. మీ ఊరి పాత మందిరానికి సున్నం వేసే ముందు, విప్పే ముందు, పునాది రాయిని ఫోటో తీయండి. బాప్తిస్మాల, పెళ్ళిళ్ళ, సమాధుల పుస్తకాలను చెదలు పట్టకముందే పాస్టరుగారికి అప్పగించి, నకలు తీయించండి. అవ్వా తాతలను కూర్చోబెట్టి, అక్కడ ఎవరు పాఠం చెప్పారో, ఎవరు మందు ఇచ్చారో అడిగి రాసుకోండి.

ఈ పని వచ్చే సంవత్సరానికి వాయిదా వేయకండి. చెప్పగలిగిన పెద్దలు మా వార్డుల్లోనే ఒక్కొక్కరుగా తగ్గిపోతున్నారు.