ఇది ఏ సినిమాలోదండీ?

కంకిపాడు సెంటర్లో నాది సెల్ రీచార్జి కొట్టు. పాతికేళ్ల కిందట ఇదే కొట్లో క్యాసెట్లు అమ్మేవాణ్ణి. అమ్మడం కంటే ఎక్కించి ఇవ్వడమే ఎక్కువ. పునాదిపాడు కుర్రాళ్లూ, దావులూరు కుర్రాళ్లూ పొద్దున అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టూ, పన్నెండు పాటలు రాసిన చీటీ ఇచ్చి బెజవాడ బస్సెక్కేవాళ్లు. సాయంత్రం దిగి పట్టుకుపోయేవాళ్లు. అలాంటి చీటీలు కట్టలు కట్టలు చూశాను. సినిమా పేరు లేని పాట కనిపిస్తే ఆ రోజు వింత.

ఆ రోజుల్లోనే స్మిత మొదటి ఆల్బమ్ 'హాయ్ రబ్బా' వచ్చింది. మన బెజవాడ అమ్మాయి. ఈటీవీలో బాలుగారి 'పాడుతా తీయగా'లో పాడిన పిల్ల. హిందీలో అప్పటికే అలీషా 'మేడ్ ఇన్ ఇండియా', దలేర్ మెహందీ క్యాసెట్లు తెగ పోతున్నాయి. ఒక్క పంజాబీ ముక్క రాకపోయినా దలేర్‌ని కొన్న మనిషి, తెలుగు ఆల్బమ్ చేతికిస్తే మాత్రం "ఇది ఏ సినిమాలోదండీ?" అనేవాడు. ఏ సినిమాలోదీ కాదంటే బల్ల మీద పెట్టేసేవాడు. తర్వాత అదే స్మిత 'మసక మసక' రీమిక్స్ చేస్తే అడక్కుండా కొన్నారు. ఎందుకు కొనరు? అది 1973 నాటి 'దేవుడు చేసిన మనుషులు'లో ఎల్.ఆర్.ఈశ్వరి పాడిన పాట కదా!

సినిమాది కాని పాట మనకి చెవికెక్కదంటే నేనొప్పుకోను. ఘంటసాలగారిది గుడివాడ దగ్గర చౌటపల్లి. ఆయన పుష్పవిలాపం ఏ సినిమాలో ఉందని మా నాన్న కంటతడి పెట్టుకున్నాడు? ఆయన భగవద్గీత వినపడని చావు ఇల్లు ఈ జిల్లాలో ఉందా? కార్తీకం వస్తే అయ్యప్ప పాటలు, డిసెంబరు వస్తే చర్చిల్లో కొత్త ఆల్బములు. వాటిని కొన్నప్పుడు ఎవరూ సినిమా పేరు అడగలేదు. అంటే సినిమా బయటి పాటని మనం దేవుడికీ, చావుకీ రాసిచ్చేశాం. ప్రేమకీ, అల్లరికీ, పరీక్ష తప్పిన రోజుకీ హీరో వచ్చి మన తరఫున పెదాలు కదపాలి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కానూరులో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు ఎనిమిది పాటలతో మొదటి ఆల్బమ్ చేశాడు. పవర్ పాప్ అట. గిటార్ గట్టిగా, ట్యూన్ తేలిగ్గా, మూడు నిమిషాల్లో పాట అయిపోవాలి. ఆ పేరు పెట్టింది 'ది హూ' బ్యాండ్ పీట్ టౌన్షెండ్, 1967లో. 'బిగ్ స్టార్' అనే అమెరికా బ్యాండ్ మొదటి ఆల్బమ్ వినిపించాడు నాకు. 1972లో వచ్చిన ఆ రికార్డు గురించి పత్రికల్లో రాసినవాళ్లంతా మెచ్చుకున్నారు, పంపిణీ దెబ్బతిని సరుకు మాత్రం కొట్లకి చేరలేదు. ఇంగ్లీషు నాకంతంత మాత్రమే గానీ ఆ బాధ బాగా తెలుసు. ఏళ్ల తర్వాత పెద్ద పెద్ద బ్యాండ్లవాళ్లు వీళ్లే మా గురువులన్నారట.

మావాడి ఎనిమిదింటిలో రెండు నాకు నచ్చలేదు, వాడి మొహానే చెప్పాను. అయిదోది మాత్రం రోజూ కొట్లో వేస్తున్నాను. ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్ వెనక పిల్లలు పరిగెత్తి గడ లాగడం, గడ విరిగి సగమే చేతికి రావడం, అదే పాట. నేనూ లాగాను, మోకాలు చెక్కుకుపోయింది. ఏ కథలో ఇరికిస్తారు దీన్ని? ఏ డైరెక్టరు అడుగుతాడు? కంకిపాడు మీద పాట కావాలంటే కంకిపాడువాడు ఆల్బమ్ చేసుకోవాల్సిందే.

మా చెల్లెలు అంతా విని, "బాగుందిరా, మరి సినిమాలో ఎప్పుడు పాడతావు?" అంది. దాని తప్పేం లేదు. రామ్ మిరియాల 'చౌరస్తా' బ్యాండ్‌తో 'మాయ' పాడినా, 2021లో 'జాతిరత్నాలు' వచ్చాక ఊరందరికీ 'చిట్టి' పాడినతనే అయ్యాడు. ఆయన ఎదిగినందుకు సంతోషమే. కానీ మొదటి ఆల్బమ్‌ని ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తులా చూడటం నాకు మింగుడు పడటం లేదు. నిజానికి క్యాసెట్లు అమ్మినన్నాళ్లూ నేనూ అంతే. సొంత ఆల్బములు వెనక అరలో, సినిమావి ముందు అరలో.

ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్లకి ఆర్కెస్ట్రాలు కడతారు. తెల్లవార్లూ సినిమా పాటలే. అందులో ఇరవై నిమిషాలు ఈ చుట్టుపక్కల పిల్లల సొంత పాటలకివ్వమని నా వాదన. తెలిసిన మైక్‌సెట్ ఆయన్ని అడిగాను. స్టేజీ ఎక్కించడం తన చేతిలో లేదన్నాడు, జనం చాపలు పరుచుకుంటూ ఉండగా, మైక్ టెస్టింగ్ టైములో వేస్తానన్నాడు. పెన్ డ్రైవ్ ఇచ్చాను. చెరుకు పాట ముందు పెట్టాను.