చెవిలో హోరుకు సర్టిఫికెట్ లేదు.. మరి ప్రభుత్వ వైద్యం అందుతుందా?

చుట్టూ ఏ శబ్దమూ లేకున్నా మీ చెవిలో ఈల వేసినట్లో, కీచురాయి అరిచినట్లో ఆగకుండా వినిపిస్తోందా? వైద్యులు దీన్ని టినిటస్ అంటారు. ఇది జబ్బు కాదు, లక్షణం. వయసుతో తగ్గే వినికిడి, పెద్ద శబ్దాలు, చెవిలో పేరుకున్న గులిమి, కొన్ని రకాల మందులు.. ఇలా కారణాలు చాలా ఉన్నాయి.

చిక్కు ఎక్కడ?

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో టినిటస్ లేదు. వినికిడి లోపానికి చోటున్నా, రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ లోపం ఉండాలి. అంటే మీకు వినిపించనిదాన్నే చట్టం కొలుస్తుంది. రాత్రంతా నిద్ర పట్టనివ్వకుండా వినిపించేదాన్ని లెక్కలోకి తీసుకోదు. సదరం శిబిరానికి వెళ్లినా ఒక్క హోరుకే ధ్రువపత్రం రాదు. 40 శాతం వైకల్య ధ్రువపత్రం లేకుంటే కేంద్రం ‘అడిప్’ పథకం కింద ఇచ్చే వినికిడి యంత్రమూ దక్కదు. కొద్దిపాటి వినికిడి లోపంతో పాటు హోరు ఉన్నవారికి ఆ యంత్రం ఎంతో ఉపశమనం ఇవ్వగలదు. కానీ ఈ పథకం కింద వారికి అది దక్కదు.

మీరేం చేయాలి?

ముందు వినికిడి పరీక్ష చేయించుకోండి. హోరు ఉన్న చాలామందిలో ఎంతో కొంత వినికిడి లోపం ఉంటుంది. అది వారికే తెలియకపోవచ్చు. పరీక్ష తర్వాత ఇచ్చే ఆడియోగ్రామే తర్వాతి వైద్యానికీ, అర్హత ఉంటే ధ్రువపత్రానికీ ఆధారం. హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

మాత్రలతో పోతుందా?

హోరును పూర్తిగా పోగొడుతుందని రుజువైన మందు లేదు. జింకో బిలోబా, జింక్ వంటి సప్లిమెంట్లను టినిటస్‌కు సూచించవద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014లోనే తన సభ్యులకు చెప్పింది. ప్రకటనలు చూసి డబ్బు పోగొట్టుకోకండి. హోరు వల్ల కలిగే బాధను తగ్గించడంలో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ మేలు చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. పడుకునేటప్పుడు పూర్తి నిశ్శబ్దం వద్దు. ఫ్యాన్ చప్పుడు, ఫోన్‌లో సన్నని వాన శబ్దం ఉంటే హోరు అంతగా పట్టించదు. నిద్రలేమి, దిగులు వేధిస్తే టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఎప్పుడు ఆగకూడదు?

ఉన్నట్టుండి వినికిడి తగ్గినా, హోరుతో పాటు కళ్లు తిరిగినా, ముఖం ఒక పక్కకు లాగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్లు లయగా వినిపించినా ఈఎన్‌టీ వైద్యుడికి చూపించడం వాయిదా వేయకండి.