తడిసిన ధాన్యం

మోకాళ్ల నొప్పితో అమ్మ ఆటో ఎక్కలేకపోతోంది. రెండేళ్లుగా కూడబెట్టిన సొమ్ముతో పాత కారు కొనాలని హైదరాబాద్‌లో మూడు ఆదివారాలు దుకాణాల వెంట తిరిగాము.

ప్రతిచోటా మొదటి ప్రశ్న ఒక్కటే: “నెలకు ఎంత కట్టగలరు?” వడ్డీ అప్పు వద్దు, మొత్తం నగదే ఇస్తామనగానే వారి ఉత్సాహం చల్లారేది. అప్పు ఇప్పిస్తే దొరికే కమీషను పోతుంది కదా!

చివరికొక తెల్ల కారు నచ్చింది. మీటరులో 38,000 కిలోమీటర్లు. బ్రేకు పెడలు రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయింది. సర్వీసు పుస్తకం పోయిందట. ఆర్‌సీలో ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా అలాగే ఉంది. ఎన్‌ఓసీ, ఫారం 35 తరువాత ఇస్తారట, డబ్బు మాత్రం ముందే! తమ్ముడు సీటుబెల్టును చివరిదాకా లాగాడు. పట్టీపై బురద చార. కార్పెట్ కింద చేయి పెడితే చెమ్మ.

“ఏసీ నీరండీ” అన్నాడు యజమాని.

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒక వర్తకుని ధాన్యపు రాశిలో చేయి పెట్టగా వేళ్లకు తడి తగిలిన సంఘటన గుర్తొచ్చింది. వానకు తడిసిందని ఆ వర్తకుడు ఒప్పుకున్నాడు. తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. ఇక్కడ ఆ ఒప్పుకోలు కూడా లేదు. యజమాని తలపైన గోడకు “మాషా అల్లాహ్” ఫలకం ఉంది. నన్ను ఎక్కువగా బాధించింది అదే.

పోయిన వారం మా వీధి చివరి విశ్రాంత ఉపాధ్యాయుని కారు కొన్నాము. క్లచ్ అరిగిందని ఆయనే చెప్పి, ఆ ఖర్చు ధరలో తగ్గించారు. ఫారం 29, 30లపై సంతకాలు చేసి, మెకానిక్ చిరునామా కూడా రాసిచ్చారు.