పోటీ లేని వేసవి

విద్యార్థులారా! పియానో అను వాద్యమును మీలో పెక్కుమంది బొమ్మలలోనే చూచియుందురు. దానికి 88 మెట్లు కలవు. మెట్టును నొక్కినంతనే లోపలి చిన్న సుత్తి తీగను తాకును, స్వరము పుట్టును. పది వ్రేళ్లతో ఒక్క మనుష్యుడే పలు స్వరములను ఒక్కసారిగా నడుపగలడు గనుక దీనికి తోడు వాద్యము అక్కరలేదు. ఆ గొప్పతనమే దాని కష్టము కూడ. వయొలిన్ నేర్చు బాలుడు చిన్ననాటనే వాద్యబృందములో పదిమంది నడుమ కూర్చుండును. పియానో నేర్చు బాలుడు గది తలుపు మూసికొని గంటలకొలది ఒంటరిగా సాధన చేయును. వెలుపలికి వచ్చినచో ఎదురగునది పోటీ. గెలిచినచో మరియొక పోటీ. ఇట్లు కొన్ని యేండ్లు గడచిన పిమ్మట "నేనెవరికొరకు వాయించుచున్నాను?" అను ప్రశ్న పుట్టుట వింత కాదు. అట్టివానికి కొంత విశ్రాంతి చాలునని కొందరందురు. ఇంకను కఠినమైన సాధన కావలెనని మరికొందరందురు. నాకీ రెండును సమ్మతములు కావు. వానికి కావలసినది తోడు.

అమెరికా దేశమున వెర్మాంట్ రాష్ట్రమందు మార్ల్‌బరో అను చిన్న యూరు కలదు. 1951లో అచ్చట ఒక వేసవి సంగీత సంస్థ వెలసెను. అది నేటికిని నడచుచున్నది. స్థాపకులలో ముఖ్యులు వయొలిన్ విద్వాంసుడైన అడాల్ఫ్ బుష్, ఆయన అల్లుడును పియానో విద్వాంసుడును అయిన రుడాల్ఫ్ సెర్కిన్. సెర్కిన్ యూదుడు. 1933లో హిట్లరు ప్రభుత్వము యూదులను బాధింప మొదలిడగా, బుష్ తాను యూదుడు కాకపోయినను జర్మనీలో కచేరీలు మానివేసెను. కడకు ఇరువురును అమెరికా చేరిరి. బుష్ 1952లోనే కాలధర్మము చెందెను. సెర్కిన్ 1991లో మరణించువరకు ఆ సంస్థకు పెద్దదిక్కుగా నుండెను. పదునేడేండ్ల ప్రాయమున బుష్ ఇంట చేరి, ఆయనతో కలసి వాయించుచు పెరిగినవాడీ సెర్కిన్. తాను పొందిన భాగ్యమును ఇతర యువకులకును కలిగింపదలచెనని నా నమ్మకము.

అచ్చటి పద్ధతి విచిత్రమైనది. ఏడు వారములపాటు యువకులును, పేరుమోసిన పెద్దలును ఒక్కచోట నివసింతురు. నలుగురైదుగురు ఒక చిన్న బృందముగా కూడి ఒక రచనను సాధన చేయుదురు. ఒక్కొక్క వాద్యమునకు ఒక్కొక్క భాగము. ఎదుట నిలిచి నడిపించు నాయకుడుండడు. పెద్దవాడు బోధకుని వలె ఎదుట కూర్చుండక, బృందములో నొకడుగా ప్రక్కన కూర్చుండును. నేర్చినదానిని కచేరీలో వినిపించి తీరవలెనను నియమము లేదు. ఏ బృందము సిద్ధమైనదో చూచి, వారము దినముల ముందుగా మాత్రమే కచేరీ నిర్ణయింతురు. మార్కులు లేవు, బహుమతులు లేవు. భోజనశాలలో కాగితపు రుమాళ్లను ఉండలు చుట్టి ఒకరిపై నొకరు విసరుకొనుట అచ్చటి పాత ఆచారము! ఇది మాత్రము మీరు అనుకరింపదగినది కాదు.

1947లో న్యూయార్క్ నగరమున జన్మించిన మరే పెరాయా యౌవనమున వేసవులలో ఇచ్చటికి వచ్చుచుండెను. సెర్కిన్, హోర్షోవ్‌స్కీ, చెల్లో విద్వాంసుడైన పాబ్లో కజాల్స్ మున్నగువారి సాహచర్యము అతనికి లభించెను. కజాల్స్ 1876లో పుట్టినవాడు. 1960 మొదలుకొని పెక్కు వేసవులు మార్ల్‌బరోలో గడపెను. ఎనుబది దాటిన వృద్ధుడు తాను ఎన్నోసార్లు వినిపించిన రచనను గూర్చి మరల మొదటినుండి ఆలోచించుట కన్నులార చూచిన యువకునికి, సంగీతము పాతికేండ్లలో గెలిచి ముగించు పందెము కాదని వేరుగా చెప్పవలెనా?

"పెరాయా కూడ పోటీలో గెలిచెను గదా!" అని మీలో తెలివిగలవాడొకడు అడుగవచ్చును. నిజమే. 1972లో ఇంగ్లండునందలి లీడ్స్ అంతర్జాతీయ పోటీలో అతనికి ప్రథమ బహుమతి వచ్చెను. పోటీ వలన లోకము అతనిని ఎరిగెను. అతడు సంగీతమును ఎరుగుట అంతకు ముందే, పోటీ లేని చోట జరిగెను. బహుమతి పొందిన కొలది కాలమునకే ఆంగ్ల గాయకుడైన పీటర్ పియర్స్ పాడుచుండగా అతడు ప్రక్కవాద్యము వాయించెను. ఒకరి పాటకు ప్రక్కన కూర్చుండుటను చిన్నతనముగా తలపకపోవుట ఆ వేసవుల ఫలమేనని నేననుకొనుచున్నాను.

నేనీ మాటను ఆలస్యముగా గ్రహించితిని. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న ఒక పాఠశాలలో వార్షికోత్సవమునకు సంగీతపు పోటీ పెట్టితిమి. హార్మోనియము చక్కగా వాయించు బాలుడొకనికి రెండవ బహుమతి వచ్చెను. మరునాటినుండి వాడు పెట్టెను ముట్టలేదు. నేను వానిని పిలిచి, వచ్చు సంవత్సరము మొదటి బహుమతి తెచ్చుకొనవలెనని ధైర్యము చెప్పితిని. మంచి మాటయే చెప్పితి ననుకొంటిని. నాకు పద్యము పాడు అలవాటు కలదు. "నేను పాడెదను, నీవు శ్రుతి పట్టరా అబ్బాయీ" అని ఒక్క సాయంకాలము అనియుండవలసినది. ఆ యాలోచన రాలేదు. వేసవి సెలవులకు పాఠశాల మూసితిమి. హార్మోనియము లోపలనే యుండెను. జూన్ నెలలో బాలుడు తిరిగి బడికి వచ్చెను గాని, సంగీతపు గది వైపు రాలేదు.